రైబోసోము నుండి పటాన్‌చెరు వేరుసెనగ దాకా: పాల్ జమెక్నిక్ పరిశోధన జీవితం, తెలుగు నేలతో దాని సంబంధాలు

వ్యాససంగ్రహం: కణంలో ప్రోటీన్లు తయారయ్యే తీరును పరీక్షనాళికలో నిరూపించినవారిలో, ఆ తయారీని కోరినచోట ఆపగల ‘ఆంటీసెన్స్’ పద్ధతికి తొలి ప్రయోగం చేసినవారిలో అమెరికన్ శాస్త్రవేత్త పాల్ చార్లెస్ జమెక్నిక్ (1912–2009) ముఖ్యుడు. ఆయన పరిశోధనకు పునాదిగా నిలిచిన ఏ.టి.పి.ని కనుగొన్నవారిలో ఒకరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన ఆలోచనకు దాయాది అయిన జన్యు మౌనీకరణ పద్ధతి పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో వేరుసెనగ మీద ప్రయోగానికి వచ్చింది. ఈ రెండు కొసల మధ్య జమెక్నిక్ పరిశోధన జీవితాన్ని చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: జమెక్నిక్, ప్రోటీన్ సంశ్లేషణ, ఆంటీసెన్స్, యల్లాప్రగడ సుబ్బారావు, ఏ.టి.పి., ఇక్రిశాట్, అఫ్లాటాక్సిన్.

1. ప్రవేశిక

పటాన్‌చెరు పేరు వినగానే తెలుగు పాఠకుని మనసులో రెండు దృశ్యాలు మెదులుతాయి. ఒకటి, 1970ల నుండి పెరుగుతూ పాశమైలారం, బొల్లారం, సంగారెడ్డి దిక్కులకు విస్తరించిన పారిశ్రామికవాడ: మందుల కర్మాగారాలు, రసాయనాల వాసన, ఆ మురుగును మోసి మంజీరలో కలిపే నక్కవాగు. రెండవది, 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ పొలాలు: జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగ. స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రకటించిన పరిశోధన వల్ల మొదటి దృశ్యం ప్రపంచమంతటా తెలిసింది. సుమారు 90 ముడిమందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే ఇక్కడి ఉమ్మడి కేంద్రం బయటికి వదిలిన నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు ఆ బృందం తేల్చింది. రెండవ దృశ్యానికి అంత ప్రచారం లేదు.

ఈ రెండు దృశ్యాల వెనుకా అణుజీవశాస్త్ర చరిత్ర ఉంది. సూక్ష్మక్రిమి రైబోసోమును పట్టుకొని దాని ప్రోటీన్ల తయారీని ఆపే టెట్రాసైక్లిన్, ఎరిత్రోమైసిన్ వంటి మందులు ఎలా పనిచేస్తాయో చెప్పగలగడానికి మొదట రైబోసోము పని తెలియాలి. ఒక బూజు తన విషాన్ని తయారుచేసుకోకుండా వేరుసెనగ గింజ లోపలే అడ్డుకోవాలంటే, జన్యుసందేశాన్ని మధ్యలో ఆపవచ్చునన్న ఆలోచన ముందు పుట్టి ఉండాలి. ఈ రెండు విషయాల్లోనూ తొలివరుసలో కనిపించే పేరు జమెక్నిక్. జీవశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో వాట్సన్, క్రిక్, నైరెన్‌బర్గ్, ఖొరానాలు తెలిసినంతగా ఆయన తెలియడు. ఆ తెలియకపోవడానికి కారణాలు కూడా ఆయన చరిత్రలో భాగమే.

2. పరిభాష గురించి

అణుజీవశాస్త్రం తన పదజాలాన్ని చాలావరకు భాషాశాస్త్రం నుండీ లేఖనకళ నుండీ అరువు తెచ్చుకుంది. డి.ఎన్.ఎ.లోని సమాచారం ఆర్.ఎన్.ఎ.గా నకలు కావడం ‘అనులేఖనం’, ఆర్.ఎన్.ఎ. ప్రోటీన్‌గా మారడం ‘అనువాదం’. ఈ రెండింటికీ తెలుగు పదాలు చక్కగా కుదిరాయి. నాలుగు అక్షరాల లిపిలో ఉన్నదాన్ని ఇరవై అమైనో ఆమ్లాల భాషలోకి మార్చే క్రియ నిజంగా అనువాదమే.

‘ఆంటీసెన్స్’ దగ్గర చిక్కు వస్తుంది. దీన్ని ‘వ్యతిరేకార్థం’ అంటే విలోమపదాల పాఠం గుర్తుకు వస్తుంది. ‘అర్థరహితం’ అనడానికి అసలే వీలులేదు, ఎందుకంటే ప్రోటీన్ తయారీని మధ్యలో తెంచే ఉత్పరివర్తనకు జీవశాస్త్రంలో ఆ పేరు ముందే ఉంది. ఇక్కడ ‘సెన్స్’ అంటే సందేశాన్ని మోసే పోగు, ‘ఆంటీసెన్స్’ అంటే దానికి అక్షరానికి అక్షరం ఎదురుగా జతకూడే పోగు. భావాన్ని బట్టి ‘ప్రతిపోగు’ అనవచ్చు. వాడుకలో ఉన్న ఆంటీసెన్స్ అనే మాటతోపాటు ఈ వ్యాసంలో ఆ పదాన్నీ వాడడం జరిగింది. దాని పని కాజా–గుండీ వంటిది. కాజాలో ముందే వేరొక గుండీ దూర్చిపెడితే అసలు గుండీకి చోటుండదు. సందేశానికి ప్రతిపోగు అతుక్కుంటే రైబోసోము దాన్ని చదవలేదు. చాలా సందర్భాల్లో కణంలోని ఒక ఎంజైము అలా జతకూడిన సందేశాన్ని కోసివేస్తుంది కూడా.

3. శవపరీక్ష వద్ద పుట్టిన ప్రశ్న

జమెక్నిక్ 1912 నవంబరు 22న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో జన్మించాడు. డార్ట్‌మత్ కళాశాలలో చదివి, 1936లో హార్వర్డ్ వైద్యకళాశాల నుండి ఎం.డి. పట్టా పొందాడు. రసాయనశాస్త్రంలో డాక్టరేటు లేదు, వైద్యుడిగా మొదలైనవాడు. యువ వైద్యుడిగా ఉన్న రోజుల్లో అతి స్థూలకాయురాలైన ఒక రోగి మరణించిందని, శవపరీక్షలో ఆమె దేహంలో కొవ్వు అపారంగా, కండ మాత్రం స్వల్పంగా కనిపించిందని ఆయన తర్వాతి కాలంలో గుర్తుచేసుకున్నాడు. దేహం కొవ్వును అంతగా చేసుకొని ప్రోటీన్‌ను ఎందుకు చేసుకోలేదు? అసలు దేహం ప్రోటీన్‌ను ఎలా తయారుచేస్తుంది? పెద్దల్ని అడిగితే ఎవరికీ తెలియదన్న సమాధానం వచ్చింది.

ఆ ప్రశ్నతో 1939లో డెన్మార్క్ వెళ్లి, కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో లిండర్‌స్ట్రోమ్-లాంగ్ వద్ద చేరాడు. 1940 ఏప్రిల్‌లో జర్మన్ సేనలు డెన్మార్క్‌ను ఆక్రమించడంతో స్వదేశానికి తిరిగి వచ్చి, రాక్‌ఫెల్లర్ సంస్థలో మాక్స్ బెర్గ్‌మన్ వద్ద కొంతకాలం పనిచేశాడు. ప్రోటీన్లను జీర్ణంచేసే ఎంజైములే వెనుదిరిగి పనిచేసి ప్రోటీన్లను కూర్చుతాయని ఆ రోజుల్లో బెర్గ్‌మన్ వంటివారు భావించేవారు. కూల్చే కూలీలే కట్టే మేస్త్రీలు కూడా అన్నట్లుగా ఉన్న ఈ ఊహను కూలదోసింది తర్వాతి దశకంలో జమెక్నిక్ బృందం చేసిన పనే.

అక్కడినుండి బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రికి అనుబంధమైన హంటింగ్టన్ ప్రయోగశాలలకు చేరాడు. అవి క్యాన్సర్ పరిశోధనకు ఉద్దేశించినవి. క్యాన్సర్ అంటే కణాల అదుపులేని పెరుగుదల, పెరుగుదల అంటే ప్రోటీన్. అందువల్ల ఆయన ప్రశ్నకు అక్కడ చోటు దొరికింది. ఎలుక కాలేయం, ఎలుక కాలేయపు కణితి ఆయన బృందానికి ప్రధాన పరిశోధన సామగ్రి అయ్యాయి.

4. ఫాస్ఫేటు దారి: సుబ్బారావు నుండి జమెక్నిక్ దాకా

రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక అణుపరిశోధన ఉపఫలంగా రేడియోధార్మిక కార్బన్-14 జీవశాస్త్రవేత్తలకు అందుబాటులోకి వచ్చింది. రాబర్ట్ లాఫ్ట్‌ఫీల్డ్ ఆ కార్బన్‌తో అమైనో ఆమ్లాలను తయారుచేసి ఇచ్చాడు. గుర్తుపెట్టిన ఆ అమైనో ఆమ్లాన్ని కాలేయపు ముక్కలకు అందించి, కొంతసేపటికి ప్రోటీన్‌ను వేరుచేసి, అందులో రేడియోధార్మికత ఎంత చేరిందో లెక్కించడం వారి పద్ధతి. ఐవాన్ ఫ్రాంట్జ్, జమెక్నిక్, జాన్ రీస్, మేరీ స్టీఫెన్‌సన్ 1948లో ప్రకటించిన వ్యాసంలో ఒక కీలక ఫలితం ఉంది. కణం శ్వాసిస్తూనే ఉన్నా, ఆ శ్వాస శక్తిని ఫాస్ఫేటు బంధాలుగా నిలవచేసుకోకుండా అడ్డుపడే డైనైట్రోఫినాల్‌ను కలిపితే అమైనో ఆమ్లం ప్రోటీన్‌లోకి చేరడం ఆగిపోయింది. జీర్ణం చేసే ఎంజైము వెనుదిరిగి పనిచేయడమే అసలు రహస్యమైతే ఇలా ఆగవలసిన పనిలేదు. కట్టడానికి కూలి చెల్లించాలి. ఆ కూలి ఫాస్ఫేటు రూపంలో ఉంది.

ఈ ఫాస్ఫేటు కథకు మొదటి అధ్యాయం అదే బోస్టన్ నగరంలో, ఒక తెలుగువాని చేతిమీదుగా రాయబడింది. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో హార్వర్డ్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను రంగును బట్టి కొలిచే పద్ధతిని ప్రకటించాడు. ‘ఫిస్కే–సుబ్బారావు పద్ధతి’గా ప్రపంచంలోని జీవరసాయన ప్రయోగశాలలన్నిటా దశాబ్దాలపాటు అది వాడుకలో ఉంది. ఆ కొలత చేతికి వచ్చినందువల్లనే 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని గుర్తించడం సాధ్యమైంది. ఏ.టి.పి.ని అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా కనుగొన్నాడు. హార్వర్డ్‌లో సుబ్బారావుకు శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లి, ఫోలిక్ ఆమ్లం, దాని విరోధి అయిన అమినోప్టెరిన్, బోదకాలు మందు డైఇథైల్ కార్బమజీన్ మొదలైనవాటి పరిశోధనకు నాయకత్వం వహించి 1948లో మరణించాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ వెలువరించింది కూడా ఆయన నాయకత్వంలోని ఆ ప్రయోగశాల నుండే, ఆ సంవత్సరమే.

జమెక్నిక్ హార్వర్డ్‌లో వైద్యవిద్యార్థిగా ఉన్నప్పుడు సుబ్బారావు అదే వైద్యకళాశాల జీవరసాయన విభాగంలో పనిచేస్తున్నాడు. వారి వ్యక్తిగత పరిచయం కంటే, ఒకరి చేతిలో బయటపడిన పదార్థం మరొకరి చేతిలో దాని పనిని చూపడం చరిత్రకారునికి ముఖ్యం. ఏ.టి.పి. తొలుత కండరం గురించిన ప్రశ్నకు జవాబుగా దొరికింది. కండ ముడుచుకోవడానికి కావలసిన శక్తి అది. కండ ‘తయారు కావడానికి’ కూడా అదే కావాలని తేలడానికి పాతికేళ్లు పట్టింది. ఎలిజబెత్ కెల్లర్, జమెక్నిక్ 1954లో ప్రకటించిన వ్యాసం సరిగ్గా దీని గురించే: ఫాస్ఫేటు శక్తిని అందించే పదార్థాలకూ అమైనో ఆమ్లాలు ప్రోటీన్‌లో చేరడానికీ మధ్య ఉన్న సంబంధం. మధ్యలో ఫ్రిట్జ్ లిప్‌మన్ అనే మరో మెట్టు ఉంది. 1941లో ‘అధికశక్తి ఫాస్ఫేటు బంధం’ అనే భావనను ప్రతిపాదించిన లిప్‌మన్ కూడా మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలోనే పనిచేశాడు. ఆయన వద్ద శిక్షణ పొందిన మాలన్ హోగ్లండ్ తర్వాత జమెక్నిక్ బృందంలో చేరాడు.

తెలుగులో సుబ్బారావు మీద వచ్చే రచనలు సాధారణంగా ఆయన మందుల దగ్గర, ఆయనకు రాని నోబెల్ దగ్గర ఆగిపోతాయి. ఏ.టి.పి. ఆ తర్వాత ఎవరి చేతుల్లో ఏమైందన్న పరిశీలన అంతగా జరగలేదు. ఆయన గొప్పతనాన్ని చెప్పడానికి బిరుదుల కంటే ఈ కొనసాగింపు బలమైన ఆధారం.

5. సరిచూసుకోవడానికి పెట్టిన నాళికలో దొరికినది

కాలేయపు ముక్కల్లో కణాలు బ్రతికే ఉంటాయి కనుక లోపల ఏది ఏ పని చేస్తున్నదో విడదీయడం కష్టం. కణాలను నలిపి, ఆ ద్రవంలోనే ప్రోటీన్ తయారీని నడిపించడం తర్వాతి అడుగు. ఫిలిప్ సీకెవిట్జ్ 1952 నాటికి ఎలుక కాలేయంతో దీన్ని సాధించాడు. ఆ ద్రవాన్ని అధికవేగంతో తిప్పి భాగాలుగా వేరుచేస్తే, మైక్రోసోములనే రేణువులు, కరిగిన ఎంజైములున్న పైతేట, శక్తినిచ్చే ఏ.టి.పి. మూడూ అవసరమని తేలింది. జాన్ లిటిల్‌ఫీల్డ్, కెల్లర్ తదితరులు 1955లో మైక్రోసోముల్లోని ఆర్.ఎన్.ఎ.-ప్రోటీన్ రేణువులే అసలు కార్యస్థలమని చూపారు. రైబోసోము అన్న పేరు ఆ రేణువులకు 1958 ప్రాంతంలో వచ్చింది.

1955లో హోగ్లండ్ ప్రతి అమైనో ఆమ్లం మొదట ఏ.టి.పి.తో చర్యజరిపి ‘క్రియాశీలం’ అవుతుందని నిరూపించాడు. ఏ.టి.పి.లోని మూడు ఫాస్ఫేట్లలో రెండు ఊడిపోయి, మిగిలిన భాగం అమైనో ఆమ్లానికి అతుక్కుంటుంది. సుబ్బారావు కొలిచిన ఫాస్ఫేటు ఇక్కడ అమైనో ఆమ్లాన్ని కూర్పుకు సిద్ధంచేసే పనిలో కనిపిస్తుంది.

ఆ తర్వాతి మలుపు అనుకోకుండా వచ్చింది. కణరహిత ద్రవంలో ఆర్.ఎన్.ఎ. కూడా తయారవుతుందేమోనని జమెక్నిక్ పరీక్షించాడు. పోలికకోసం మరో నాళికలో గుర్తుపెట్టిన లూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని కలిపాడు. దాని రేడియోధార్మికత ప్రోటీన్‌లో కనబడాలి, ఆర్.ఎన్.ఎ.లో కనబడకూడదు. కాని కనబడింది. తప్పు జరిగిందని కొట్టివేయదగిన ఫలితమది. దాన్ని వదలక వెంటాడగా, పైతేటలోని చిన్న ఆర్.ఎన్.ఎ. అణువులు అమైనో ఆమ్లాలను తమకు తగిలించుకొని రైబోసోముకు మోసుకువెళ్తున్నాయని తేలింది. హోగ్లండ్, స్టీఫెన్‌సన్, జెస్సీ స్కాట్, లిసెలోట్ హెక్ట్, జమెక్నిక్ పేర్లతో 1958లో పూర్తి వ్యాసం వెలువడింది. నేడు టి-ఆర్.ఎన్.ఎ. అని విద్యార్థులు నేర్చుకునేది ఇదే.

ఇంగ్లండులో ఫ్రాన్సిస్ క్రిక్, ఆర్.ఎన్.ఎ. భాషనూ ప్రోటీన్ భాషనూ కలిపే మధ్యవర్తి అణువు ఒకటి ఉండి తీరాలని 1955లోనే తన మిత్రబృందంలో మాత్రమే తిరిగిన ఒక పత్రంలో వాదించాడు. బోస్టన్ బృందానికి ఆ ఊహ జేమ్స్ వాట్సన్ ద్వారా తర్వాత తెలిసింది. వారు వెతుకుతూ పోయి దుబాసీని కనుగొనలేదు; లెక్క తేలని రేడియోధార్మికత వెంట పోతే దుబాసీ దొరికాడు. విజ్ఞానశాస్త్ర చరిత్రకారుడు హన్స్-యోర్గ్ రైన్‌బెర్గర్ 1997లో వెలువరించిన గ్రంథానికి జమెక్నిక్ ప్రయోగశాలను కేంద్రంగా తీసుకోవడానికి కారణం ఇదే. ప్రయోగ వ్యవస్థ తనను నిర్మించినవారికి కూడా ముందుగా తెలియని ప్రశ్నలను పుట్టిస్తుందన్నది ఆయన వాదం. సిద్ధాంతం ముందు, నిరూపణ తర్వాత అన్న వరుసకు అలవాటుపడిన సాహిత్య పరిశోధకులకు కూడా ఈ వాదం పనికివస్తుంది.

1960లో మార్విన్ లాంబోర్గ్‌తో కలిసి జమెక్నిక్ ఇ. కోలై బ్యాక్టీరియా నుండి కణరహిత వ్యవస్థను రూపొందించాడు. ఇటువంటి వ్యవస్థల మీద నిలబడే మార్షల్ నైరెన్‌బర్గ్, హైన్రిఖ్ మథాయ్ 1961లో జన్యుసంకేతంలోని మొదటి పదాన్ని చదివారు. 1968 నోబెల్ బహుమతి నైరెన్‌బర్గ్, హరగోవింద ఖొరానా, రాబర్ట్ హోలీలకు దక్కింది. హోలీ నిర్మాణాన్ని తేల్చినది టి-ఆర్.ఎన్.ఎ.నే, దానికి మూడాకుల రూపాన్ని ఊహించినవారిలో ఒకప్పుడు జమెక్నిక్ వద్ద పనిచేసిన ఎలిజబెత్ కెల్లర్ ఉంది. జమెక్నిక్‌కు నోబెల్ రాలేదు. 1991లో అమెరికా జాతీయ విజ్ఞాన పతకం, 1996లో లాస్కర్ ప్రత్యేక పురస్కారం వచ్చాయి. సంకేతాన్ని చదివినవారికి పేరు వచ్చినంతగా, చదవడానికి పలకను సిద్ధంచేసినవారికి రాదు. ఇక స్టీఫెన్‌సన్, కెల్లర్ వంటి స్త్రీల పేర్లు వ్యాసాల శీర్షికల కింద మాత్రమే మిగిలాయి.

6. పదమూడు అక్షరాలు

1970లలో జమెక్నిక్ కోళ్లలో కణితిని కలిగించే రౌస్ సార్కోమా వైరస్ మీద దృష్టిపెట్టాడు. దాని జన్యుపదార్థం ఆర్.ఎన్.ఎ. ఆ పోగు రెండు కొసల్లోనూ ఒకే అక్షరవరుస పునరావృతమవుతుందని 1977లో ఆయన బృందమూ, హార్వర్డ్‌లోని మరొక బృందమూ చూపాయి. మొదటి కొసను చివరి కొసతో జతచేసుకోవడం వైరస్ పునరుత్పత్తికి అవసరమైతే, ఆ చోటును ముందే వేరొక ముక్కతో కప్పివేస్తే ఏమవుతుంది?

ఆ ముక్క పదమూడు అక్షరాల డి.ఎన్.ఎ.: ఎ-ఎ-టి-జి-జి-టి-ఎ-ఎ-ఎ-ఎ-టి-జి-జి. వైరస్ సోకిన కోడిపిండ కణాలకు దీన్ని అందించగా వైరస్ పెరుగుదల తగ్గింది. పరీక్షనాళికలో ఆ వైరస్ సందేశం ప్రోటీన్‌గా అనువాదం కావడం కూడా ఆగింది. 1978లో ఈ రెండు ఫలితాలు రెండు వ్యాసాలుగా ఒకే పత్రికలో వచ్చాయి. రచయితలు జమెక్నిక్, స్టీఫెన్‌సన్. 1948 నాటి డైనైట్రోఫినాల్ వ్యాసంలో ఉన్న ఆ ఇద్దరే ముప్పై ఏళ్ల తర్వాత ఇక్కడ కనిపిస్తారు. ప్రోటీన్ ఎలా తయారవుతుందన్న మొదటి ప్రశ్న, దాన్ని ఎంచుకొని ఎలా ఆపాలన్న రెండవ ప్రశ్నగా మారింది.

తర్వాత కొన్నేళ్లపాటు ఈ పనిని పట్టించుకున్నవారు తక్కువ. విద్యుదావేశం గల డి.ఎన్.ఎ. ముక్క కణపు పొరను దాటి లోపలికి పోదని చాలామంది నమ్మకం. పైగా ఏ జన్యువు అక్షరవరుస ఏమిటో తెలిసినవి అప్పటికి కొన్నే, కోరిన వరుసను తయారుచేయడమూ శ్రమ. 1979లో హార్వర్డ్ పదవీవిరమణ వయసు వచ్చింది. జమెక్నిక్ విశ్రాంతి తీసుకోక, హోగ్లండ్ అధిపతిగా ఉన్న వూస్టర్ ప్రయోగాత్మక జీవశాస్త్ర సంస్థకు మారాడు. ఒకప్పటి సహాయకుని సంస్థలో గురువు చేరాడన్నమాట. 1986లో జాన్ గుడ్‌చైల్డ్ తదితరులతో కలిసి ఎయిడ్స్ వైరస్ మీద ఈ పద్ధతిని ప్రయోగించాడు. ఆ తర్వాత ఆయనతో చేరిన భారతీయ రసాయనవేత్త సుధీర్ అగ్రవాల్ ఆంటీసెన్స్ ముక్కలు దేహంలో త్వరగా చెడిపోకుండా వాటి వెన్నులోని ఆక్సిజన్ స్థానంలో గంధకాన్ని నిలిపే రసాయనాన్ని విస్తృతంగా పరిశోధించాడు. ఫాస్ఫేటే ఇక్కడ మళ్లీ కథానాయకుడు. జమెక్నిక్ తొంభయ్యవ పడిలో కూడా ప్రయోగశాలకు వెళ్తూ, 2009 అక్టోబరు 27న 96వ ఏట బోస్టన్‌లో మరణించాడు.

7. మందు, దాని ధర

ఆంటీసెన్స్ మందుల్లో మొదటిది ఫోమివిర్సెన్. ఎయిడ్స్ రోగుల కంటిచూపును పోగొట్టే వైరస్‌కు విరుగుడుగా 1998లో అమెరికాలో అనుమతి పొందింది. ఎయిడ్స్‌కు మంచి చికిత్సలు రావడంతో ఆ కంటివ్యాధే అరుదై, మందు మార్కెట్టు నుండి తప్పుకొంది. పద్ధతికి నిజమైన గుర్తింపు 2016 డిసెంబరులో అనుమతి పొందిన నుసినెర్సెన్‌తో వచ్చింది. వెన్నుపాములోని చాలక నాడీకణాలు క్షీణించి పసిపిల్లలను బలిగొనే ఎస్.ఎం.ఎ. వ్యాధికి అది మందు. ఈ వ్యాధిలో ఒక జన్యువు పోతుంది. దానికి నకలువంటి రెండవ జన్యువు ఉన్నా, ఒక అక్షరభేదం వల్ల దాని సందేశంలో ఒక ఖండం జారిపోతుంది. పద్దెనిమిది అక్షరాల ప్రతిపోగు ఆ జారుపాటును అడ్డుకొని ప్రోటీన్‌ను పూర్తిగా తయారుచేయిస్తుంది. ఆపడానికి పుట్టిన పద్ధతి ఇక్కడ తయారీకి తోడ్పడింది. ప్రతిపోగు అతుక్కోవలసిన చోటును రవీంద్ర సింగ్ తదితరులు 2006లో గుర్తించినది వూస్టర్ నగరంలోని వైద్యవిశ్వవిద్యాలయంలోనే. జమెక్నిక్ పనిచేసిన సంస్థ అంతకుముందే ఆ విశ్వవిద్యాలయంలో కలిసిపోయింది.

నుసినెర్సెన్ ధర అమెరికాలో మొదటి సంవత్సరానికి 7,50,000 డాలర్లుగా ప్రకటితమైంది. తర్వాత జీవితాంతం ప్రతి నాలుగు నెలలకొకసారి వెన్నులోకి ఎక్కించాలి. భారతదేశంలో ఈ వ్యాధి పిల్లల తల్లిదండ్రులు చికిత్సలకోసం విరాళాలు సేకరించవలసిన స్థితి కొన్నేళ్లుగా తెలిసినదే. ఇక్కడ ఒక విశేషం గమనించాలి. నుసినెర్సెన్ చేసే పనినే, అంటే ఆ ఖండం జారిపోకుండా చూడడాన్నే, నోటితో తీసుకునే చిన్న అణువు రిస్డిప్లామ్ కూడా చేస్తుంది. దాని జనరిక్ రూపం విషయంలో హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మాకూ రోష్ సంస్థకూ మధ్య నడిచిన వివాదంలో ఢిల్లీ హైకోర్టు నాట్కోను ఆపడానికి నిరాకరించింది. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. మందు 15,900 రూపాయల ధరతో విపణిలోకి వచ్చింది.

తెలుగు ఔషధపరిశ్రమ బలం ఎక్కడుందో, ఎక్కడ లేదో ఈ ఒక్క ఉదాహరణ చూపుతుంది. ఐ.డి.పి.ఎల్. వారసత్వంతో పెరిగిన ఈ పరిశ్రమకు చిన్న అణువును చవకగా తయారుచేయడం వెన్నతో పెట్టిన విద్య. అక్షరం పక్కన అక్షరాన్ని ఘనాధారం మీద కూర్చే కేంద్రకామ్ల ఔషధాలు వేరే విద్యను కోరుతాయి. అయితే ఆ అక్షరాలకు కావలసిన ముడిపదార్థాల తయారీ ఇప్పటికే హైదరాబాదులో మొదలైంది. పాశమైలారంలో కర్మాగారం గల సువెన్ సంస్థ 2024లో ఆ రంగంలోని సపాలా ఆర్గానిక్స్‌లో మెజారిటీ వాటా కొనడానికి ఒప్పందం చేసుకొంది.

8. పటాన్‌చెరు వేరుసెనగ

జమెక్నిక్ ఆలోచన పటాన్‌చెరుకు కర్మాగారంలో మందుగా కంటే ముందు పొలంలో పంటగా చేరింది. మొక్కల్లో ఆంటీసెన్స్‌కు చరిత్ర ఉంది. 1988లో పెటూనియా పూలరంగును ఈ పద్ధతితో మార్చారు. 1994లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన, త్వరగా మెత్తబడని టమాటా కూడా దీని ఫలితమే. 1998లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో రెండుపేటల ఆర్.ఎన్.ఎ. మౌనీకరణకు మరింత శక్తిమంతమని చూపి 2006లో నోబెల్ పొందారు. అది ఆంటీసెన్స్‌కు దాయాది పద్ధతి. పనిచేసే యంత్రాంగం వేరైనా, ప్రతిపోగుతో సందేశాన్ని పట్టుకోవడమన్న సూత్రం ఒకటే.

వేరుసెనగకు ఈ అవసరం ఎందుకు వచ్చింది? ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పంట చివరిదశలో బెట్ట వచ్చినప్పుడు నేలలోనే కాయను ఆశ్రయిస్తుంది. అది చేసే అఫ్లాటాక్సిన్ కాలేయ క్యాన్సర్‌కు కారకం. 1960లో ఇంగ్లండులో దిగుమతి వేరుసెనగ పిండి తిన్న టర్కీకోళ్లు వేలకొద్దీ చచ్చినప్పుడు ఈ విషం లోకానికి తెలిసింది. మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్ గ్రామాల్లో బూజుపట్టిన మొక్కజొన్న తిని 397 మంది జబ్బుపడగా 106 మంది మరణించారు. దాన్ని పరిశోధించి మరుసటి ఏడు ప్రకటించినది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్త కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి బృందం. యూరప్ దేశాలు నేరుగా తినే వేరుసెనగలో ఈ విషాన్ని వందకోట్ల భాగాలకు 4 భాగాలకు మించి ఒప్పుకోవు. అనంతపురం, మహబూబ్‌నగర్ వంటి మెట్టప్రాంతాల రైతుకు ఇది ఆరోగ్య సమస్యే కాక ధర సమస్య కూడా.

ఇక్రిశాట్‌లో కిరణ్ శర్మ, పూజా భట్నాగర్-మాథుర్ తదితరులు అమెరికాలోని డాన్‌ఫోర్త్ కేంద్రానికి చెందిన దిలీప్ షాతో, ఇతర సహకారులతో కలిసి ఈ బూజును రెండు వైపుల నుండి ఎదుర్కొన్నారు. ఆ ఫలితాలు 2017లో వెలువడ్డాయి. మొదటి మార్గంలో, బూజును అణచే డిఫెన్సిన్ అనే ప్రోటీన్లను వేరుసెనగ చేతనే తయారుచేయించారు. రెండవ మార్గంలో, విషం తయారీలో పనిచేసే బూజు జన్యువుల్లో రెండింటికి సరిపోయే రెండుపేటల ఆర్.ఎన్.ఎ.ను గింజలో పుట్టించారు. బూజు గింజలో చొరబడితే ఆ ఆర్.ఎన్.ఎ. ముక్కలు దానిలోకి చేరి, దాని సందేశాలను కోసివేస్తాయి. బూజు బ్రతికి ఉన్నా విషం చేయలేదు. అతిథికి అన్నంతోపాటే మౌనాన్ని వడ్డించడం వంటిది ఇది. రెండు మార్గాల్లోనూ వచ్చిన వంగడాల్లో అఫ్లాటాక్సిన్ అత్యల్పంగా నమోదైంది.

ఈ రెండు మార్గాల భేదం చర్చకు రావలసినంతగా రాలేదు. జన్యుపరివర్తిత ఆహారం మీద వినబడే ప్రధాన భయాల్లో ఒకటి, కొత్త ప్రోటీన్ వల్ల వికటించే అవకాశం. డిఫెన్సిన్ మార్గానికి ఆ ప్రశ్న వర్తిస్తుంది. మౌనీకరణకోసం చేర్చిన ఖండం మాత్రం ఏ ప్రోటీన్‌గానూ అనువాదం కాదు, అది ఆర్.ఎన్.ఎ.గానే పుట్టి ఆర్.ఎన్.ఎ.గానే ముగుస్తుంది. నియంత్రణ సంస్థలు రెండింటినీ ఒకే గాట కట్టవలసిన అవసరం లేదు. దీర్ఘకాలిక ప్రభావాల పరీక్ష, విత్తనం మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న రెండింటికీ సమానమే. హైదరాబాదు సి.సి.ఎం.బి. వ్యవస్థాపకుడు పుష్పమిత్ర భార్గవ జీవితం చివరిదాకా అడిగిన ప్రశ్నలు ఇవే, వాటిని దాటవేయడం కుదరదు. 2010లో బి.టి. వంకాయ మీద విధించిన నిలుపుదల తర్వాత ఆహారపంటల దారి ఇరుకైంది. దేశంలో వాణిజ్యసాగుకు చేరిన జన్యుపరివర్తిత పంట 2002లో వచ్చిన బి.టి. పత్తి ఒక్కటే.

అందువల్ల రైతుకు నేటికీ ఉన్న సాధనాలు పాతవే: పంట చివరిదశలో ఒక తడి, సకాలంలో పీకడం, కాయ నేలకు తగలకుండా చెట్లను తిరగేసి ఎండబెట్టడం, దెబ్బతిన్న కాయలను ఏరివేయడం, తేమ 8 శాతానికి దిగేదాకా గోనెల్లోకి ఎత్తకపోవడం. ఇక్రిశాట్ రూపొందించిన చవక పరీక్ష సామగ్రితో గింజల్లో విషం ఎంతుందో కొలవవచ్చు. గింజలో విషం ఉందని తేలాక దాన్ని తీసివేసే మార్గం రైతు చేతిలో లేదు. ఆ సరుకును నూనెమిల్లు తక్కువ ధరకు కొంటుంది, చెక్క పశువుల దాణాకు పోతుంది, అక్కడినుండి విషం పాలలోకి చేరుతుంది.